టికెట్టు అందరికీ... లైఫ్ జాకెట్టు కొందరికేనా?

సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన మరునాడే మా ఊళ్లలో ఆటోలు, డీసీఎంలు మాట్లాడుకోవడం మొదలవుతుంది. మాడుగులపల్లి, వేములపల్లి, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెలన్నీ సాగర్ ఎడమ కాల్వ నీళ్ల మీద బతికే పల్లెలు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలన్న ఆశ ఆ నీళ్లల్లో నిలబడి నాట్లు వేసే మనిషికి ఉండదా?

వానాకాలం నాట్లు అయిపోయాక ఒకసారి ఒక నాట్ల ముఠాతో మేమూ బయలుదేరాం. పద్దెనిమిది మంది ఆడవాళ్లు, ఆరేడుగురు పిల్లలు. అందరూ మాల, మాదిగ వాడల వాళ్లే. కూలి డబ్బుల్లోంచి తలా కొంత తీసి పక్కన పెట్టుకున్న పైసలవి. గేట్లు చూసి, తిరుగు దారిలో ఒక జలాశయం దగ్గర ఆగాం. అక్కడ బోటు ఉంది. ఎక్కాలని పిల్లలు మారాం చేశారు. అందరికీ టికెట్లు తీశాం. మాతో పాటు రెండు కార్లలో వచ్చిన కుటుంబాలు కూడా ఎక్కాయి.

బోటు నడిపే కుర్రాడు ఒక మూల నుంచి లైఫ్ జాకెట్లు తీశాడు. ఉన్నవే కొన్ని. ముందు కార్లలో వచ్చిన వాళ్లకు ఇచ్చాడు. వాళ్ల పిల్లలకు దగ్గరుండి బకిల్ పెట్టాడు. మా దాకా వచ్చేసరికి నాలుగు మిగిలాయి, అందులో రెండింటికి పట్టీలు తెగిపోయాయి. మాకేవని అడిగితే నవ్వుతూ అన్నాడు: "మీకేం భయం అమ్మా? పొద్దంత నీళ్లల్లనే ఉండేటోళ్లు గద!"

ముఠాలో పెద్దామె అతని మొహం వైపే చూసి నెమ్మదిగా అన్నది: "మడి నీళ్లు మోకాళ్ల దాకనే వస్తయి బిడ్డా. ఈ నీళ్లు ఎంత దాక వస్తయో నీకు ఎరుకేనా?"

మేం దిగిపోయాం. పిల్లలు ఏడ్చారు. టికెట్టు డబ్బులు సగమే వాపసు ఇచ్చారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. బోటు వెళ్లింది, వచ్చింది. అందుకే అది ఏ పేపర్లోనూ వార్త కాలేదు. కానీ ఆ కుర్రాడి మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. అతను చెడ్డవాడు కాదు. అతని ఒంటి మీద కూడా జాకెట్టు లేదు. తక్కువ ఉన్నప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకపోయినా నడుస్తుందో అతనికి ఎవరూ నేర్పలేదు. ఈ సమాజంలో పుట్టి పెరిగితే చాలు, అది దానంతటదే వస్తుంది.

బోటు షికారు భద్రత అనగానే అందరూ ప్రయాణికుల నిర్లక్ష్యం గురించి, సెల్ఫీల గురించి మాట్లాడతారు. అవీ మాట్లాడాల్సినవే. కానీ నీళ్ల మీద ఎవరి ప్రాణానికి ఎంత విలువ కడుతున్నారన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఒకే గోదావరి, రెండు ప్రయాణాలు

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే గోదావరి దగ్గరికి వెళ్లాలి.

2018 మే 15. అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఒక లాంచీ మునిగింది. అందులో ఉన్నది ప్రధానంగా ఆదివాసీలు. షికారుకు వచ్చిన వాళ్లు కాదు. పాపికొండల మధ్య ఊళ్లకు లాంచీయే బస్సు, లాంచీయే ఆటో. ఆ సాయంత్రం పెనుగాలి, వాన మొదలైతే లోపల తడవకుండా తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. లాంచీ ఒరిగింది. మూసిన తలుపుల వెనకే దాదాపు ఇరవై మంది నీళ్లల్లో ఊపిరాడక చనిపోయారు.

రెండు నెలలకు, జులై 14న, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో నాటు పడవ బోల్తా పడింది. అందులో ఉన్నది బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు. గల్లంతైన ఏడుగురిలో ఎక్కువ మంది ఆడపిల్లలే. కట్టడం మొదలుపెట్టి పూర్తి చేయని వంతెన స్తంభం పక్కనే ఆ ప్రమాదం జరిగింది. ఆ వంతెన సమయానికి పూర్తయి ఉంటే ఆ పిల్లలు పడవ ఎక్కే అవసరమే ఉండేది కాదు.

ఆ తర్వాత 2019 సెప్టెంబరు 15. అదే దేవీపట్నం మండలం, కచ్చులూరు. ఈసారి మునిగింది పాపికొండలు చూపించే టూరిస్టు బోటు, రాయల్ వశిష్ఠ. గోదావరి వరద మీద ఉంది, ప్రవాహం అయిదు లక్షల క్యూసెక్కుల స్థాయిలో ఉంది. బోటులో 77 మంది ఉన్నారు. 26 మంది మాత్రమే బయటపడ్డారు. తెలంగాణ నుంచి వెళ్లిన వాళ్లూ అందులో ఉన్నారు. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి ఒక్క బృందంగా వెళ్లిన 14 మందిలో ఎక్కువ మంది తిరిగి రాలేదు. బోటు నడిపిన సరంగులూ చనిపోయారు.

మంటూరుకూ కచ్చులూరుకూ మధ్య గడిచిన కాలం పదహారు నెలలు. నది అదే, మండలం అదే. లాంచీలను నడిపే తీరు, తనిఖీ చేయాల్సిన వ్యవస్థ కూడా అవే. మంటూరు తర్వాత కొన్నాళ్లు హడావుడి జరిగింది, ఆ తర్వాత అంతా మామూలైపోయింది. ఆదివాసీల చావును ఆ వ్యవస్థ తనకు హెచ్చరికగా తీసుకోలేదు. ఎక్కడో కొండల్లో జరిగిన దురదృష్టంగా చూసి, పరిహారం ప్రకటించి, దాటిపోయింది. పట్నం నుంచి వచ్చిన పర్యాటకులు మునిగాక రాష్ట్రమంతటా బోట్లు ఆపారు. తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెడతామన్నారు. ఇవన్నీ అవసరమే. కానీ మంటూరు తర్వాతే ఆ పని చేసి ఉంటే, వరద ఉన్న రోజున బోటును కదలనివ్వని ఒక్క అధికారి ఉండి ఉంటే, కచ్చులూరు జరిగేది కాదేమో.

మా వాదన ఇక్కడే ఉంది. అణగారిన వాళ్ల ప్రాణాలకు తక్కువ విలువ కట్టే వ్యవస్థ, చివరికి మిగతా వాళ్లనూ కాపాడలేదు. కూలి మనిషికి జాకెట్టు లేకపోయినా పర్వాలేదనుకున్న బోటులో, కారులో వచ్చిన మనిషికి కూడా నిజమైన భద్రత ఉండదు. ఎందుకంటే బోటు ఒరిగితే ఒక వైపు మాత్రమే మునగదు.

ఇంకో సంగతి. కచ్చులూరులో ఆ 26 మందిని బయటికి లాగింది ఒడ్డున ఉన్న ఊళ్ల వాళ్లు. ప్రభుత్వ బలగాలు రావడానికి ముందే వాళ్లు తమ చిన్న పడవలు వేసుకుని వెళ్లారు. అడుగున చిక్కిన బోటును చివరికి పైకి తెచ్చింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప తాళ్లు, చేతుల్లో ఉన్న అనుభవంతో అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగారు. నది గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఉందో ఆ రోజు దేశమంతా చూసింది. కానీ ఆ జ్ఞానానికి జీతం, బీమా, గుర్తింపు ఉన్న ఉద్యోగం మాత్రం దొరకడం లేదు.

చెరువు కట్ట మీద కొత్త వ్యాపారం

గోదావరి దూరం, మనకేంటి అనుకోవద్దు. ఇప్పుడు బోటు మన ఊరి చెరువులోకే వచ్చింది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో భాగంగా నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట ఆ విధంగా మారింది. సాయంత్రమైతే లైట్లు, నడక దారి, బోటింగు. పెద్ద టూరిస్టు కేంద్రాలకు వెళ్లలేని మనుషులకు ఇది మంచి సంగతే. పిల్లలకు పది, ఇరవై రూపాయల సంతోషం ఊరు దాటకుండానే దొరుకుతుంది. చెరువు అందరిదీ కావాలని తరతరాలుగా కొట్లాడిన వాళ్లం మేం. కట్ట మీద అందరూ నడిచే రోజు వచ్చిందంటే దాన్ని వద్దనం.

కానీ చెరువు బోటింగు నడిచే పద్ధతిని చూడాలి. చాలా చోట్ల మున్సిపాలిటీ లేదా మరో శాఖ టెండరు పిలుస్తుంది. కాంట్రాక్టరు పాడుకుంటాడు. పాడుకున్న డబ్బు రాబట్టుకోవాలంటే ఆదివారం, పండగ రోజుల్లో ఎక్కువ ట్రిప్పులు, ట్రిప్పుకు ఎక్కువ మంది కావాలి. జాకెట్లు కొనడం, పాతవి పారేయడం, గజ ఈతగాణ్ని జీతానికి పెట్టుకోవడం అన్నీ ఖర్చు పద్దులోకి వస్తాయి. లాభం ఎక్కడ తగ్గుతుందో అక్కడే భద్రతకు కోత పడుతుంది.

దీనికి గుజరాత్‌లోని వడోదర పెద్ద పాఠం. 2024 జనవరి 18న అక్కడి హర్ణి చెరువులో విహారానికి వెళ్లిన బడి పిల్లల బోటు తిరగబడింది. పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అది మహానది కాదు, వరద లేదు, తుపాను లేదు. మున్సిపల్ కార్పొరేషన్ కాంట్రాక్టుకు ఇచ్చిన ఊరి చెరువు. పట్టే దానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, అందరికీ జాకెట్లు ఇవ్వలేదు. అంతే.

అంతకు ముందు సంవత్సరం, 2023 మే 7న, కేరళలోని తానూరులో 22 మంది చనిపోయారు. చేపల పడవకు పై అంతస్తు కట్టి టూరిస్టు బోటుగా మార్చారు. చీకటి పడ్డాక కూడా నడిపారు. మన దగ్గర, 2017 నవంబరు 12న కార్తీక మాసం ఆదివారం నాడు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో మునిగిన బోటుకు అసలు అనుమతే లేదు. ఒంగోలు నుంచి వచ్చిన వాళ్లతో సహా ఇరవై మందికి పైగా పోయారు.

ఈ ప్రమాదాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కారణాలు పెద్దగా మారవు. ఎక్కువ మందిని ఎక్కించడం. జాకెట్లు లేకపోవడం, ఉన్నా వేయకపోవడం. అనుమతి లేని లేదా మార్చి కట్టిన బోటు. వాతావరణాన్ని, వరదను, చీకటిని లెక్కచేయకపోవడం. ఇవి తెలియని రహస్యాలు కావు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017 సెప్టెంబరులోనే బోటు భద్రత మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫెర్రీ ప్రమాదం జరగడానికి రెండు నెలల ముందు! కాగితం ఢిల్లీలో తయారైంది, ఘాటు దాకా రాలేదు.

చట్టం ఉంది, చెరువు దాకా వచ్చిందా?

1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో లోతట్టు జలరవాణా నౌకల చట్టం తెచ్చింది. యంత్రంతో నడిచే పడవలకు సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, అర్హత ఉన్న సిబ్బంది, ప్రాణరక్షణ సామగ్రి, బీమా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. నదులే కాదు, కాల్వలు, చెరువులు కూడా దాని పరిధిలోకి వస్తాయి. తెడ్డుతో నడిచే పడవలను కూడా స్థానిక సంస్థల స్థాయిలో నమోదు చేసే వీలు కల్పించింది.

మరి మన చెరువులో తిరిగే బోటుకు సర్వే ఎప్పుడు జరిగింది? బీమా ఎవరి పేరు మీద ఉంది? టికెట్టు కొన్న మనిషికి అది వర్తిస్తుందా? ఈ ప్రశ్నలు అడిగే అలవాటు మనకు లేదు. బస్సెక్కినా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగం కదా అనొచ్చు. కానీ బస్సును పట్టుకోవడానికి రోడ్డు మీద ఎంతోకొంత తనిఖీ ఉంది. చెరువు మీద తనిఖీ చేసేదెవరు? మున్సిపాలిటీ ఇరిగేషన్ వైపు, ఇరిగేషన్ టూరిజం వైపు, టూరిజం పోలీసుల వైపు చూపిస్తే ఆ చూపుల మధ్యలోంచి బోటు వెళ్లిపోతుంది.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో ఇవన్నీ అడగవచ్చు. కాంట్రాక్టు పత్రం నకలు, సర్వే తేదీ, బోటు సామర్థ్యం, జాకెట్ల సంఖ్య, బీమా కాగితం. మన సంఘాలు పింఛను కోసం, ఇంటి స్థలం కోసం వేసే దరఖాస్తుల్లో ఇది కూడా ఒకటి కావాలి.

మా వాళ్లలో కొందరు అడుగుతారు: "భూమి లేదు, కొలువు లేదు, బోటు షికారు మనకో సమస్యా?" అని. రాజ్యాంగం 15(2) అధికరణ చదివితే జవాబు దొరుకుతుంది. కులం పేరుతో ఎవరినీ ఆపకూడని చోట్ల జాబితాలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు వినోద స్థలాలను కూడా పేరుపెట్టి రాశారు. పని చేసే హక్కు ఎంత ముఖ్యమో, పని ముగిశాక పిల్లలతో నవ్వుకునే హక్కు కూడా అంతే అని దాన్ని రాసిన వాళ్లకు తెలుసు. లోపలికి రానిచ్చి, జాకెట్టు మాత్రం చివరికి ఇవ్వడం సమానత్వం కాదు.

ఈత ఎవరికి వచ్చు?

"ఊరోళ్లు కదా, ఈత వస్తుందిలే" అనేది నీళ్ల దగ్గర వినబడే ఇంకో మాట. ఇది పెద్ద అపోహ.

మా వైపు ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావుల్లో. మెట్ల బావి ఉండాలంటే భూమి ఉండాలి. భూమి ఎవరికి ఉంది? బావి గలాయన ఇష్టపడితేనే వాడ పిల్లలు దిగేది. చాలా బావుల్లో దిగనివ్వని రోజులు మా పెద్దలకు బాగా గుర్తు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు బోర్లు వచ్చి బావులు పూడిపోయాయి. పిల్లలు ఎండాకాలం సాగర్ కాల్వలో దిగుతున్నారు. సిమెంటు గోడల కాల్వలో పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు, నీటి వేగం పైకి కనబడదు.

ఈత రాకపోవడం కూలి జనానికి ఎంత ఖరీదో మా జిల్లాకు తెలుసు. 2018 ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాల్వలో పడింది. తొమ్మిది మంది చనిపోయారు. కూలికి వెళ్తున్న తండా ఆడవాళ్లు వాళ్లు. అది బోటు కాదు. కానీ నీళ్లల్లో పడితే ఏం చేయాలో ఎవరికి నేర్పారు, ఎవరికి నేర్పలేదు అన్న లెక్క రెండు చోట్లా ఒకటే.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఈత కొలనులు, బీచ్‌లు చాలా కాలం నల్లజాతి వాళ్లకు మూసి ఉంచారు. 1919 జులై 27న షికాగోలో ఒక నల్లజాతి కుర్రాడు, యూజీన్ విలియమ్స్, పదిహేడేళ్లవాడు, స్నేహితులతో కలిసి సొంతంగా కట్టుకున్న తెప్ప మీద మిషిగన్ సరస్సులో ఆడుకుంటున్నాడు. ఆ తెప్ప తేలుతూ తెల్లవాళ్లదని చెప్పుకునే నీళ్ల వైపు వెళ్లింది. నీళ్ల మీద గీత ఎవరికి కనబడుతుంది? ఒడ్డున ఉన్న తెల్లవాడు రాళ్లు విసిరాడు, కుర్రాడు మునిగి చనిపోయాడు. పోలీసులు ఆ తెల్లవాణ్ని అరెస్టు చేయలేదు. ఆ తర్వాత చెలరేగిన హింసలో 38 మంది చనిపోయారు. చట్టం మారి దశాబ్దాలు గడిచాక, 2017లో అక్కడి ఈత సంస్థ చేయించిన అధ్యయనంలో నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత రాదు, లేదా అంతంతమాత్రమే వచ్చని తేలింది. తెల్లజాతి పిల్లల్లో అది 40 శాతం. తల్లిదండ్రులకు రాని ఈత పిల్లలకూ రాలేదు. గేటు తెరిచినంత మాత్రాన మూసి ఉన్న కాలపు నష్టం పోదు.

ఇది చదువుతుంటే మహాడ్ గుర్తు రాకుండా ఉండదు. చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ మహాడ్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. అయినా అంటరానివాళ్లెవరూ ఆ నీళ్లు తాకలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి తాగితే తప్ప ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. ఆ తర్వాత కోర్టులో గెలవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. కాగితం మీద హక్కు, నీళ్ల దగ్గర హక్కు వేరువేరని మనకు మహాడ్ నుంచే తెలుసు. బోటు భద్రత నియమాలకూ అదే వర్తిస్తుంది.

బోటు నడిపే కుర్రాడి వైపు నుంచి

ఆ రోజు మమ్మల్ని చూసి నవ్విన కుర్రాడి మీద కేసు పెడితే మా సమస్య తీరదు. అతను రోజు కూలికి వచ్చిన వాడు. ఎంత మందిని ఎక్కించాలో అతను నిర్ణయించడు, ఎన్ని జాకెట్లు కొనాలో అతను నిర్ణయించడు. "గాలి ఎక్కువుంది, ఇప్పుడు తీయను" అంటే రేపటి కూలి ఉండదు. ప్రమాదం జరిగితే మొదట అరెస్టయ్యేది అతనే, లేదా మొదట మునిగేది అతనే. కచ్చులూరు సరంగుల సంగతి చూశాం.

కాబట్టి భద్రత అంటే ముందు బోటు నడిపే మనిషికి వద్దనే హక్కు ఉండటం. శిక్షణ, లైసెన్సు, నెల జీతం, ప్రమాద బీమా ఉన్న మనిషి మాత్రమే యజమానికి ఎదురు చెప్పగలడు. ఈ ఉద్యోగాల్లో నదీ తీరాల, చెరువు కట్టల అణగారిన కులాల యువతకు శిక్షణ ఇచ్చి అవకాశం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ కార్పొరేషన్ల నైపుణ్య శిక్షణల్లో సరంగు, ప్రాణరక్షక ఈతగాడు అన్న పనులు ఎందుకు ఉండకూడదు?

బోటు ఎక్కే ముందు మనం చూడాల్సినవి

వ్యవస్థ మారేదాకా మన పిల్లల ప్రాణం ఆగదు కాబట్టి ఈ నాలుగు మాటలు ఇంట్లో చెప్పుకుందాం.

బోటు మీద ఎంతమంది పడతారో రాసిన బోర్డు ఉండాలి. లేకపోతే అడగండి. చెప్పలేకపోతే ఎక్కొద్దు. చిన్న పిల్లలను ఒడిలో కూర్చోబెట్టినా వాళ్లూ లెక్కలోకి వస్తారు.

జాకెట్టు చేతిలో పట్టుకోవడానికి కాదు, సీటు కింద పెట్టుకోవడానికి కాదు. ఒడ్డు మీదే వేసుకుని, పట్టీలన్నీ బిగించి, బోటు కదలాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే జాకెట్టు చెవుల దాకా వస్తోందంటే అది వదులుగా ఉన్నట్టే. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లాడికి వేస్తే నీళ్లల్లో పడగానే తల మీది నుంచి జారిపోతుంది. చీర కట్టుకున్న వాళ్లు కొంగును నడుముకు చుట్టి దాని మీద జాకెట్టు బిగించుకోవాలి. కచ్చులూరులో ఉక్కపోత వల్ల, భోజనం కోసం జాకెట్లు తీసేసిన వాళ్లున్నారని బయటపడిన వాళ్లు అప్పట్లో పత్రికలకు చెప్పారు. అన్నం తినేటప్పుడు కూడా జాకెట్టు ఒంటి మీదే ఉండాలి.

ఫొటో కోసం, ఏదో కనబడిందని అందరూ ఒకే వైపుకు పోవద్దు. బోటు బరువు ఒక పక్కకు, పైకి చేరిన కొద్దీ ఒరగడం తేలికవుతుంది. పై అంతస్తు మీద నిలబడి డాన్సులు వేయడం ప్రమాదం అందుకే. గాలివాన వస్తే మూసిన గదిలోకి పోయి తలుపులు బిగించుకోవద్దు. మంటూరును మరచిపోవద్దు.

నది వరద మీద ఉన్నప్పుడు, చీకటి పడ్డాక, సరంగు తాగి ఉన్నాడని అనుమానం వచ్చినప్పుడు దిగిపోవడమే తెలివి. టికెట్టు డబ్బులు పోతే పోనీ. తాగి ఎక్కే మనవాళ్లను కూడా మనమే ఆపాలి.

ఎవరైనా నీళ్లల్లో పడితే ఈత రాని వాళ్లు దూకొద్దు. తాడు, చీర, పొడుగు కర్ర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఏది దొరికితే అది విసరండి. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి.

మా డిమాండ్లు

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. వాడపల్లి, మట్టపల్లి, నాగార్జునసాగర్ ఘాట్లకు జనం పోటెత్తుతారు. జనం ఉన్న చోటికి బోట్లూ వస్తాయి, అనుమతి ఉన్నవీ లేనివీ. ఇప్పుడు అడగకపోతే మళ్లీ శవాల లెక్క దగ్గరే అడగాల్సి వస్తుంది.

టికెట్టుకో జాకెట్టు ఉండాలి. జాకెట్లు ఎన్ని ఉంటే టికెట్లు అన్నే అమ్మాలి. బోటు సామర్థ్యం, సర్వే తేదీ, బీమా వివరాలు, ఫిర్యాదు చేయాల్సిన ఫోను నంబరు టికెట్టు కౌంటరు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. ప్రతి చెరువుకు, ఘాటుకు బాధ్యుడైన అధికారి ఎవరో పేరుతో ప్రకటించాలి. నది దాటడానికి పడవే దారి అయిన ఊళ్లకు టూరిస్టు బోట్ల కంటే ముందు ప్రభుత్వమే జాకెట్లు, మంచి పడవలు ఇవ్వాలి, వంతెనలు పూర్తి చేయాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో, హాస్టళ్లలో ఆడపిల్లలతో సహా అందరికీ ఈత నేర్పాలి. ఆ పిల్లలను విహారానికి తీసుకెళ్లే ముందు బోటు కాగితాలు చూసే బాధ్యత ఒకరికి రాతపూర్వకంగా అప్పగించాలి.

సాగర్ జలాశయం మధ్యలో నాగార్జునకొండ ఉంది. ఆచార్య నాగార్జునుడి పేరు మోస్తున్న కొండ అది. డ్యాము నీళ్లు ముంచక ముందు తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి పోవాలంటే లాంచీ ఎక్కాల్సిందే. బుద్ధుడి దారిని తమదిగా చేసుకున్న మావాళ్లకు ఆ ప్రయాణం షికారు మాత్రమే కాదు, తమ చరిత్రను తాము చూసుకోవడం.

మా నాట్ల ముఠా ఈసారి అక్కడికే పోదామంటోంది. పెద్దామె ఒక్కటే షరతు పెట్టింది: "ముందు జాకెట్లు లెక్కపెట్టి, తర్వాత టికెట్లు తీద్దాం." మేమూ అదే అంటున్నాం. లెక్కపెట్టి ఎక్కుదాం. తక్కువైతే అడుగుదాం. ఇవ్వకపోతే అందరం కలిసి దిగుదాం, కార్లలో వచ్చిన వాళ్లను కూడా దిగమందాం.